ఉడకని అధ్యాయం పట్టుకుని సికింద్రాబాదుకి

పోస్టుకార్డు మీద ఉన్నది ఒకే ఒక్క వాక్యం. "పద్నాలుగో వారం మీరు పెట్టిన భోజనంలో మాంసం ఉడకలేదు." కింద సంతకం: సలోమి, రిటైర్డ్ టీచర్, బోయిగూడ, సికింద్రాబాదు.

ఇరవై ఏళ్లుగా నవలలు రాస్తున్నాను. కథ సాగదీశావన్నవాళ్లున్నారు, హీరోయిన్‌ని అంత ఏడిపించడం న్యాయమా అని తిట్టినవాళ్లున్నారు. నా భోజనాలకి వంక పెట్టినవాళ్లు మాత్రం ఇంతవరకూ లేరు. ఈ విషయంలో నాకు గర్వం ఉంది, దాచుకోను. మన పాత నవలల్లో మనుషులు ప్రేమించుకుంటారు, ఆస్తులు పోగొట్టుకుంటారు, సంఘాన్ని బాగుచేస్తారు. పాపం, అన్నం మాత్రం తినరు. "భోజనాలయ్యాయి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఇప్పటి వారపత్రికల నవలల్లో హీరో కాఫీ ఒక్కటే తాగుతాడు, టిఫిను ప్లేటు చేతికొచ్చేసరికి ఫోను మోగుతుంది. నేనలా కాదు. నా మనుషుల్ని పీటలేసి కూర్చోబెట్టాను, వేడన్నంలో నెయ్యి వేశాను, మారు అడిగి మరీ వడ్డించాను. నా సీరియల్ చదువుతూ అన్నం తింటే రెండు ముద్దలు ఎక్కువ తింటామని రాసిన పాఠకుల ఉత్తరాలు ఒక పెట్టెడున్నాయి.

పద్నాలుగో వారంలో ఉన్నది సికింద్రాబాదులో ఒక క్రైస్తవ టీచరుగారింటి ఆదివారం భోజనం. చర్చి నుంచి వచ్చిన తల్లి కుంపటి రాజేసి మాంసం కూర వండడం, పిల్లలు కంచాల ముందు కాచుకుని ఉండడం, అయిదు పేజీలు. నేను రాసినవాటిలో అదే గొప్పదని చాలామంది అన్నారు, నేనూ అనుకున్నాను. ఇప్పుడా నవల పుస్తకంగా వస్తోంది. బెజవాడ పబ్లిషరు ప్రూఫులు పంపి, వారంలో దిద్ది పంపకపోతే ఉన్నదున్నట్టు అచ్చేస్తానన్నాడు. సరిగ్గా ఆ రోజే ఈ కార్డు వచ్చింది.

ప్రూఫులు సంచీలో పెట్టుకుని బయల్దేరుతుంటే మా ఆవిడ అడిగింది.

"అంత దూరం వెళ్లి ఆవిడతో తగువేసుకుంటారా?"

"తగువు కాదు, యాత్ర."

"వాళ్లు పెడితే?"

నేను సంచీ మూతి బిగించి కట్టాను. మాది ఉల్లిపాయ తరగాలన్నా వారం చూసుకునే ఇల్లు.

"తినాలనిపిస్తే తినండి. వచ్చాక నా కంచంలో మాత్రం ఆ రుచి వెతక్కండి," అంది మా ఆవిడ.

ఇంకో మాట కూడా ముందే ఒప్పుకుంటాను. సికింద్రాబాదు మీద నవల రాశానే గానీ, రెండుసార్లు రైలు మారడానికి తప్ప నేనా ఊళ్లో ఎప్పుడూ కాలు పెట్టలేదు.

పాలరాతి బల్ల

శుక్రవారం పొద్దున స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా ఇరానీ హోటలు. మా బందరులో కాఫీ హోటల్లో గ్లాసు ఖాళీ అయితే సర్వరు వచ్చి పక్కన నిలబడతాడు, లేవమని అర్థం. ఇక్కడ ఖాళీ కప్పు ముందు పెట్టుకుని పేపరు చివరి పేజీ దాకా చదివేవాళ్లు అయిదారుగురు కనిపించారు. ఎవరూ ఏమీ అనడం లేదు. ఈ ఒక్క మర్యాదకే ఈ ఊరికి దణ్ణం పెట్టవచ్చు.

"కాఫీ ఉందా?" అన్నాను.

"కాఫీ దొర్కది సార్. చాయ్ ఉన్నది," అన్నాడు సర్వరు. నేనింకా ఆలోచిస్తుండగానే చాయ్ వచ్చింది, సాసరులో రెండు బిస్కెట్లూ వచ్చాయి. చాయ్ ముప్పావలా. చిక్కగా, తియ్యగా, మూడు గుక్కల్లో అయిపోయేంత ఉంటుంది.

నా బల్లకి అవతల ఒక పెద్దాయన కూర్చున్నాడు. చేతిలో చిన్న పట్టకారు, జేబులో భూతద్దం చూసి గడియారాలు బాగుచేసే మనిషని పోల్చుకున్నాను. ఆయన బిస్కెట్టుని చాయ్‌లో ఇలా ముంచి అలా తీసి తింటున్నాడు. నేనూ ముంచాను. నాది సగానికి విరిగి కప్పు అడుగుకి పోయింది.

"జెర జల్దీ తీయాలె సార్, బిస్కీట్ ఆగది," అన్నాడాయన. "ఏడికెల్లి వచ్చిండ్రు?"

"బందరు నుంచి."

"ఏం పని జేస్తరు?"

"నవలలు రాస్తాను."

"అండ్ల ఏముంటది?"

"మనుషులుంటారు. వాళ్లు తినే తిండి ఉంటుంది," అన్నాను, కాస్త గొప్పగానే.

ఆయనకి నిజంగానే ఆశ్చర్యం వేసింది. "తిండి సుత రాస్తరా! మరి మీరు తిన్నదే రాస్తరా, తినంది సుత రాస్తరా?"

"రెండూ రాస్తాం," అన్నాను.

"తినంది రాస్తె తిన్నోనికి తెల్వదా సార్?"

నేను చెంచాతో కప్పు అడుగున బిస్కెట్టు ముద్ద వెతుకుతూ కూర్చున్నాను. ఆయన నవ్వి, నా చాయ్ డబ్బులు కూడా తనే ఇచ్చేసి వెళ్లిపోయాడు. ఎంత వద్దన్నా వినలేదు. ఆ రోజంతా ఊరు చూస్తూ తిరిగానే గానీ, ఆయన ప్రశ్న నా వెంటే తిరిగింది.

బోయిగూడలో ఎర్ర పెన్సిలు

శనివారం పొద్దున్నే బోయిగూడ వెళ్లాను. ఇల్లు పక్కన ఇల్లు, ఒకరి గుమ్మంలో ఇంకొకరి సైకిలు. ఎవరింట్లో ఏం తాలింపు పడిందో వీధంతటికీ తెలిసిపోయే సందులు. అరుగు మీద బియ్యం చెరుగుతున్న ఒకామెని అడిగాను.

"టీచరమ్మ ఇల్లా? గదే, ఆకుపచ్చ తల్పు," అని చెప్పి, నేను తలుపు కొట్టేలోపే ఆమే కేకేసింది. "టీచరమ్మా, ఎవరో సంచీ సార్ వచ్చిండు!" ఆమె పేరు యాదమ్మ. ఆమె లేకపోతే ఈ యాత్ర మాడిపోయేది. అది తర్వాత చెబుతాను.

సలోమి టీచరుగారు సన్నగా, పొట్టిగా ఉన్నారు. నేను పేరు చెప్పగానే కళ్లజోడు సవరించుకుని నన్ను పైనుంచి కిందికి చూశారు, ఆలస్యంగా వచ్చిన పిల్లాణ్ని చూసినట్టు.

"కార్డు రాస్తే జవాబు రాస్తారనుకున్నాను. మీరే వచ్చారే! కూర్చోండి. నీళ్లు తాగండి."

గోడకి బైబిలు వాక్యాల క్యాలెండరు, దాని పక్కన దండ లేని ఒక ఫోటో. అందులో నిండుగా నవ్వుతున్నాయన ఆవిడ భర్త ఆనందరావుగారు. ఆఫీసులో హెడ్‌గుమాస్తా చేసి రిటైరయ్యారట, పోయినేడు పోయారట. టీచరుగారు నా సీరియల్ మొత్తం వారం వారం కత్తిరించి, దారంతో కుట్టి, అట్ట వేసి పెట్టారు. దాన్ని చూడగానే నాకు ఛాతీ ఉప్పొంగింది. టీచరుగారు పద్నాలుగో వారం తీశారు. పక్కనంతా ఎర్ర పెన్సిలు గీతలు. ఉప్పొంగిన ఛాతీ సర్దుకుంది.

"మీ నవల్లో చర్చి ఎన్నింటికి వదిలిందండీ?"

"పన్నెండింటికి."

"పిల్లలు కంచాల ముందు ఎప్పుడు కూర్చున్నారు?"

"ఒంటిగంటకి."

"ఆ గంటలో ఆవిడ చీర మార్చుకుంది, కుంపటి రాజేసింది, ఉల్లిపాయలు కోసింది. కోస్తూ మొగుడితో పోట్లాడింది కూడా. అంతా పోను మాంసం ఉడకడానికి టైమేదీ?"

"లేత మాంసం అనుకోవచ్చుగా," అన్నాను.

ఆవిడ పకపకా నవ్వారు. "మావారూ అచ్చం ఈ మాటే అన్నారు!" నవ్వాగాక పెన్సిలు మళ్లీ పేజీ మీద పెట్టారు. "ఇంకోటి చూడండి. వాసన రాశారు. నూనె చిటపటలు రాశారు. రంగు రాశారు. చాలా బాగా రాశారు, కాదనను. కానీ అయిదు పేజీల్లో ఒక్క మనిషి నమిలినట్టు లేదు."

ఇరవై ఏళ్లలో ఏ విమర్శకుడూ నన్నిలా పట్టుకోలేదు.

అప్పుడు టీచరుగారు అసలు సంగతి చెప్పారు. ఆనందరావుగారు ప్రతివారం నా సీరియల్ పైకి చదివేవారట, ఆవిడ వినేవారట. పద్నాలుగో వారం ఆయన మూడుసార్లు చదివారు. ఈ రచయిత తప్పకుండా తిని రాశాడన్నారాయన. ఇతను గోడవతల నుంచి వాసన చూసినవాడే తప్ప నోట పెట్టినవాడు కాదన్నారీవిడ. పందెం పడింది. ఓడినవాళ్లు ఒక ఆదివారం చర్చి మానేసి కుంపటి దగ్గర కాపలా కూర్చోవాలి.

"మా కూర పొద్దున ఏడింటికే పొయ్యెక్కుతుందండీ. సన్న సెగ మీద పెట్టి చర్చికి వెళ్లిపోతాం. మధ్యలో యాదమ్మ ఒకసారి తొంగి చూస్తుంది. కానీ ఎవరు చూస్తే ఏం, నా మనసు కూర మీదే ఉంటుంది. పాస్టరుగారి ప్రసంగంలో ఎప్పుడూ మూడు మాటలు. మొదటి మాట, రెండో మాట చెబుతారు. మూడో మాటకొచ్చేసరికి అడుగంటిందేమో, నీళ్లు ఇంకాయేమో అని నాకు పీకులాట. పెళ్లయినప్పటి నుంచీ ఇంతే. మావారు చర్చి పాటల బృందంలో, అదే క్వయర్‌లో, కింది గొంతు బేస్ పాడేవారు, ఆయనకి ఏ చింతా లేదు. ఒక్క ఆదివారం, ఒకే ఒక్క ఆదివారం, నేను నిశ్చింతగా కూర్చుని ప్రసంగం ఆఖరిదాకా వినాలి. అందుకే ఆ పందెం వేశాను. అది తేలకుండానే ఆయన వెళ్లిపోయారు." పెన్సిలు పక్కన పెట్టి అడిగారు. "ఇప్పుడు మీరు నిజం చెప్పండి. తిన్నారా, తినలేదా?"

తగువు కోసం సంచీనిండా మాటలు తెచ్చుకున్నాను. ఒక్కటీ పనికిరాలేదు.

బందరులో మా పెరటి గోడకి అవతల ఒక టీచరుగారుండేవారు. ప్రతి ఆదివారం, చర్చి నుంచి వాళ్లొచ్చిన కాసేపటికి గోడ మీదుగా ఆ వాసన వచ్చేది. మా అమ్మ కిటికీ మూసేది. నేను పుస్తకం పట్టుకుని పెరట్లోకి వెళ్లి కూర్చునేవాణ్ని. ఒకసారి ఆ ఇంటావిడ గోడ మీంచి చిన్న గిన్నె అందించబోయింది, మా అమ్మ నవ్వుతూ చేతులు జోడించింది. ఆ గిన్నె వెనక్కి వెళ్లడం నాకిప్పటికీ కనబడుతూనే ఉంటుంది. వాళ్లొచ్చాకే వాసన వస్తుంది కనుక వచ్చాకే వండుతారనుకున్నాను. అదే రాశాను.

"తినలేదండీ," అన్నాను.

టీచరుగారు ఫోటో వైపు తిరిగారు. "విన్నారా?" అన్నారు. ఆవిడ మొహం ఫస్టుక్లాసులో పాసైన పిల్ల మొహంలా వెలిగిపోయింది. "ముప్పై తొమ్మిదేళ్ల కాపురంలో ఈయన మీద నెగ్గినవి తక్కువండీ." అంతలోనే ఆ వెలుగు తగ్గింది. "నెగ్గాను సరే. ఓడిన మనిషేడీ?"

"నేను కూర్చుంటాను," అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

"మీకు పొయ్యి దగ్గర కూర్చోవడం వచ్చా?"

"నవలల్లో చాలాసార్లు కూర్చున్నాను."

రెజిమెంటల్ బజారు

ఆ సాయంత్రం దినుసుల కోసం రెజిమెంటల్ బజారుకి తీసుకెళ్లారు. మా ఊళ్లో శెట్టిగారు పొట్లం కట్టి ఇస్తాడు, ఇంటికెళ్లి విప్పితేనే లోపల ఏముందో తెలుస్తుంది. ఇక్కడ కొట్టతను గసగసాలు టీచరుగారి అరచేతిలో పోసి, ముందు చూడమన్నాడు. ఆవిడ లవంగాల్ని వేలితో నొక్కి, వాసన చూసి, సగం వెనక్కి తోసేశారు. నేనూ పెద్ద తెలిసినవాడిలా ఎండుమిరపకాయల బస్తా మీదికి వంగి గట్టిగా పీల్చాను. తర్వాత ఎన్ని తుమ్ములు తుమ్మానో లెక్కలేదు.

"సార్ కొత్తనా?" అని అడిగాడు కొట్టతను.

"రచయితగారు. రేపు మా ఇంట్లో కూరకి కాపలా," అన్నారు టీచరుగారు దర్జాగా.

"గట్లనా! అయితే జెర పైలం సార్. టీచరమ్మ కూర ఖరాబైతే బోయిగూడల మిమ్మల్ని ఉండనియ్యరు."

తిరిగి వస్తూ ఆవిడ తన కూర పుట్టుపూర్వోత్తరాలు చెప్పారు. ఆవిడది బాపట్ల. కారం, ఎండుకొబ్బరి పుట్టింటి నుంచి వచ్చాయి. పెరుగులో నానబెట్టడం ఇక్కడికి కాపురానికొచ్చాక అత్తగారి దగ్గర నేర్చుకున్నారు. "ఇది బాపట్ల కూరా కాదు, సికింద్రాబాదు కూరా కాదు. మా ఇంటి కూర. దీన్ని ఎవరైనా రాస్తే సరిగ్గా రాయాలి," అన్నారు. వండేవాళ్లకి ఉండే ఆ గర్వం ముందు రాసేవాడి గర్వం ఏపాటిదని నాకు అప్పుడే అనిపించింది.

కుంపటి ముందు ఆదివారం

తెల్లారేసరికి మాంసం వచ్చింది, కిలో పాతిక రూపాయలు. ఏడింటికల్లా కళాయి పూసిన ఇత్తడి గిన్నె కుంపటి ఎక్కింది. దాని మీద గుంటగా ఉన్న మూత, ఆ మూతలో నీళ్లు.

"ఈ నీళ్లు ఆవిరైతే మళ్లీ పోయండి. అంతే పని. మూత మాత్రం తీయొద్దు," అని ఒకటికి రెండుసార్లు చెప్పి, బైబిలు తీసుకుని, తొమ్మిదింటికి టీచరుగారు చర్చికి వెళ్లారు. గుమ్మం దిగాక ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

నేను పీట వేసుకుని కూర్చున్నాను. దూరంగా చర్చి గంట మోగింది. అరగంట గడిచింది, గంట గడిచింది. వాసన లేదు. ఉడికిన ఉల్లిపాయ వాసన తప్ప, నా చిన్నప్పటి వాసన జాడే లేదు. నాకు కంగారు మొదలైంది. కూర ఆగిపోయిందా? అసలు ఉడుకుతోందా? ఒక్క చూపు చూస్తే ఏం పోతుందనిపించింది. గుడ్డ పట్టుకుని మూత ఎత్తాను.

మూతలో నీళ్లున్నాయన్న సంగతి మర్చిపోయాను. నీళ్లన్నీ కుంపటిలో పడ్డాయి. బుస్సుమని బూడిద లేచింది. గది నిండా పొగ. నిప్పులు సగం నల్లబడ్డాయి. నా ఇరవై ఏళ్ల భోజనాలన్నీ కళ్ల ముందు చల్లారిపోయినట్టయింది.

"ఏందీ పొగ? సార్, ఏం జేసిండ్రు?" అంటూ యాదమ్మ పరిగెత్తుకొచ్చింది.

"మూత తీశాను."

"టీచరమ్మ తీయొద్దన్నదా లేదా?"

"అన్నారు."

"మల్లెందుకు తీసిండ్రు?" అంటూనే గిన్నె దింపింది, తడి బొగ్గు ఏరి పారేసింది, తన ఇంటి నుంచి నాలుగు నిప్పులు తెచ్చి వేసింది, గిన్నె మళ్లీ ఎక్కించి విసనకర్ర నా చేతికిచ్చింది. "ఇసురుండ్రి. పరేషాన్ గాకుండ్రి, టైముంది. పాస్టరయ్య జల్దీ ఇడిసిపెట్టడు."

గంటసేపు విసిరాను. చెయ్యి పడిపోయింది. చర్చిలో మూడో మాట నడుస్తుంటుందనుకున్నాను. ఆవిడ వింటున్నారో, పొగ వాసన ఊహించుకుంటున్నారో అని నా పీకులాట నాది. ఒక మనిషి ముప్పై తొమ్మిదేళ్లు ప్రతి ఆదివారం పడ్డ పీకులాట ఎలాంటిదో ఒక్క పూటలో తెలిసొచ్చింది.

పన్నెండు దాటాక టీచరుగారు వచ్చారు. తొందరేమీ లేదు, నింపాదిగా చెప్పులు విడిచారు.

"ప్రసంగం ఎలా ఉందండీ?" అన్నాను బూడిద మొహంతో.

"పొడుగ్గా ఉంది," అన్నారు. "ఆఖరిదాకా విన్నాను. మూడో మాటే అన్నిటికన్నా బాగుందండీ! ఇన్నాళ్లూ ఆ పాస్టరుగారికి మూడో మాట చెప్పడం రాదనుకున్నాను."

తర్వాత మూత తీసి, ముక్క నొక్కి చూసి, నా వైపు ఒక చూపు చూశారు. గసగసాలు, కొబ్బరి, లవంగాలు, చెక్క పొడిగా వేయించి, నూరి, కూరలో వేసి కలిపారు. అప్పుడు లేచింది వాసన. బందరు పెరడు, మూసిన కిటికీ, వెనక్కి వెళ్లిన గిన్నె, అన్నీ ఒక్కసారిగా ఆ గదిలోకి వచ్చాయి. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, పొగ వల్ల కాదు.

"ఇదేనండీ! ఇదే వాసన!"

"తెలుసు," అన్నారు టీచరుగారు. "గోడవతలికి చేరేది ఈ చివరి పది నిమిషాలేనండీ. మిగతా అయిదు గంటలకి వాసనుండదు."

యాదమ్మని కూడా పిలిచారు. ముగ్గురం కూర్చున్నాం. టీచరుగారు కళ్లు మూసుకుని ప్రార్థన చేశారు. ఆహారం ఇచ్చినందుకు స్తోత్రం చెప్పారు, "ఇన్నేళ్లు వాసనతో సరిపెట్టుకున్న ఈ బిడ్డని కూడా దీవించు తండ్రీ" అన్నారు. నా వయసు యాభై రెండు.

తిన్నాను. ముక్క ముందు పంటికి కొంచెం ఎదురు తిరిగింది, తర్వాత నారలుగా విడిపోయింది. కారం వచ్చింది, కొబ్బరి కమ్మదనం వచ్చింది, అన్నీ అయ్యాక నాలుక పక్కల సన్నగా పెరుగు పులుపు తగిలింది. ఆ పులుపు వాసనలో లేనే లేదు. చిన్నప్పుడు ఎన్ని ఆదివారాలు పెరట్లో కూర్చున్నా అది నాకు తెలిసేది కాదు.

"ఎట్లున్నది సార్?" అంది యాదమ్మ.

కంచం ముందుకు జరిపి అన్నం మారు పెట్టమన్నాను. టీచరుగారు గర్వంగా ఫోటో వైపు చూసి వడ్డించారు.

తిరిగొచ్చాక

రైల్లోనే ఆ అయిదు పేజీలు కొట్టేసి కొత్తగా రాశాను. పబ్లిషరు మళ్లీ కంపోజు చేయించాలని నానా మాటలూ అన్నాడు, పడ్డాను. ఇప్పుడు పుస్తకంలో కూర ఏడింటికే పొయ్యెక్కుతుంది. ఇంటాయన క్వయర్‌లో బేస్ పాడే మనిషి. ఆ ఆదివారం చర్చి మానేసి, కుంపటి ముందు పీట వేసుకుని, దూరంగా పాట వినబడితే తన వంతు తనొక్కడే మెల్లగా పాడుకుంటూ మూత మీద నీళ్లు పోస్తుంటాడు. ఇంటావిడ ప్రసంగం మూడో మాట దాకా వింటుంది. ఇంటికొచ్చాక అందరూ కూర్చుని నములుతారు.

మొదటి ప్రతి బోయిగూడకి పంపాను. నా బీరువాలో సన్మానాల శాలువాలు చాలానే ఉన్నాయి. వాటిని ఎవరికీ చూపించను. కానీ పది రోజులకి వచ్చిన పోస్టుకార్డుకి ఫ్రేము కట్టించి గోడకి పెట్టాను, ఇంటికొచ్చిన ప్రతివాళ్లనీ దాని ముందుకు తీసుకెళ్లి నిలబెడుతున్నాను. అందులోనూ ఒకే ఒక్క వాక్యం ఉంది.

"ఈసారి మాంసం బాగా ఉడికింది, మావారు కాపలా బాగా కాశారు."